రెండో కాపీ

నోరు బాగా తెరవమన్నాడు డాక్టరు. అతను తెరిచాడు. చిన్న అద్దం ఒకటి లోపలికి వెళ్ళింది. దాని వెనకే కొత్త అసైన్‌మెంటూ వెళ్ళింది.

గూఢచారి శాఖకు పెద్ద ఈ డాక్టరే. నిజంగానే పళ్ళ డాక్టరు, గోడ మీద డిగ్రీ కూడా ఉంది. బ్రీఫింగులన్నీ ఈ కుర్చీలోనే. ఏజెంటు నోట్లో దూది కుక్కి చెబితే ఎదురు ప్రశ్నలు రావని ఆయన సిద్ధాంతం. మన ఏజెంటు పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. శాఖలో మనుషులకు పేర్లుండవు, పళ్ళుంటాయి. ఇతను కోరపన్ను. అసలు పేరును చేరిన రోజే ఒక కవర్లో పెట్టి సీలు వేశారు. ఆ పేరు ఎక్కడైనా వాడాడో, ఉద్యోగం ఆ రోజుతో సరి. అలాంటి మనిషిని మేమెరగమంటుంది శాఖ.

"యూనివర్సిటీలో టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసని ఒకటుంది," అన్నాడు డాక్టరు. "ప్రొఫెసర్లు కనిపెట్టినవాటిని ఫ్యాక్టరీల దాకా చేర్చే ఆఫీసు. రేపట్నుంచి నువ్వే దానికి ఆఫీసరువి."

కోరపన్ను "ఆఁ" అన్నాడు. అంతకు మించి అనడానికి వీల్లేదు.

డ్రిల్లు చప్పుడు మధ్య మిగతాది చెప్పాడు డాక్టరు. ఆ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరమ్మ ఇరవై రెండేళ్ళు కష్టపడి ఒక పౌడర్ తయారు చేసింది. అది కలిపితే టీకా మందు ఐసు లేకుండా నలభై రోజులు చెడకుండా ఉంటుంది. కరెంటు లేని ఊళ్ళకు సంచిలో వేసుకుని తీసుకెళ్ళొచ్చు. ఇది గిట్టనివాళ్ళున్నారు. ఐసు పెట్టెలూ చల్లని వ్యాన్లూ అమ్మే కొన్ని విదేశీ కంపెనీలు కూడి కట్టుకున్న ముఠా ఒకటుంది, పేరు కోల్డ్ క్లబ్. ఫార్ములా కాజేసి, తమ పేర పేటెంట్ వేయించుకుని, తాము చెయ్యకుండా, ఇంకొకర్ని చెయ్యనివ్వకుండా పాతిపెట్టాలని వాళ్ళ ప్లాను. ఆ ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది, కోడ్ పేరు జ్ఞానదంతం. కంపెనీల కన్సల్టెంట్ వేషంలో వస్తుంది, ఆవిడకు సహకరించాలి.

లేచేటప్పుడు చేతిలో ఒక స్టాప్లర్ పెట్టాడు. అందులో ఒకే ఒక్క పిన్ను ఉంది, గుచ్చుకున్నవాళ్ళు అరగంట కదల్లేరు. క్లినిక్‌కు వచ్చినందుకు రుజువుండాలి కదా అని, బాగున్న పన్నుకు సిమెంటు కూడా పెట్టి పంపాడు.

ఆఫీసు మెట్ల కింద ఉంది. అంతకు ముందు చీపుళ్ళు పెట్టుకునే గదట. ఒక బల్ల, రెండు కుర్చీలు. రెండో కుర్చీ వచ్చేవాళ్ళ కోసం. వచ్చేవాళ్ళు లేరు.

పని ఇదీ. ప్రొఫెసరు ఏదైనా కనిపెడితే ముందుగా ఈ ఆఫీసుకు ఫారం నింపి ఇవ్వాలి. ఆఫీసు దాన్ని కమిటీకి పంపాలి. కమిటీ సరే అంటే పేటెంట్‌కు దరఖాస్తు. ఆ తర్వాత ఒక కంపెనీని వెతికి, లైసెన్సు రాసివ్వాలి. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది, కూర్చున్నప్పుడు సగం మంది రారు. ప్రొఫెసరమ్మ జనవరిలో ఇచ్చిన ఫారం రెండు మీటింగులు చూసింది, ఒక్క సంతకమూ చూడలేదు.

వీటన్నిటి మీదా రిజిస్ట్రార్ ఒకడు. ఏ కాగితమైనా రెండు కాపీలుండాలి ఆయనకు. మధ్యలో కార్బన్ పెట్టి రాయాలి. అసలుది ఎక్కడిదక్కడ, రెండోది ఆ వారంలోగా ఆయన బీరువాలోకి. టీ తెప్పించుకునే చీటీకి కూడా రెండో కాపీ ఉంది. కోరపన్ను మొదట్లో నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆ తర్వాత అలవాటు పడ్డాడు.

క్యాంపస్‌లో అతనికి ఫారాలాయన అని పేరు పడింది. అతను వరండాలో కనిపిస్తే ప్రొఫెసర్లు ల్యాబ్ తలుపులు వేసుకునేవాళ్ళు. గూఢచారి కళ్ళతో చూస్తే అదొక అద్భుతమైన ముసుగే. ఎవరూ మొహం కేసి చూడరు, చూసినా గుర్తుండదు. మనిషి కళ్ళతో చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమనేది. అద్దెగదిలోకి చేరిన రోజు రెండు గాజు గ్లాసులు కొన్నాడు. ఒకటి రోజూ కడుగుతున్నాడు. రెండోదానికి అతికించిన ధర కాగితం ఇంకా అలాగే ఉంది. దూరంగా ఒక అక్క ఉంది. తమ్ముడు ఓడల్లో పని చేస్తున్నాడని ఆవిడ నమ్మకం. ఏడాదికో ఉత్తరం శాఖవాళ్ళే టైపు చేసి పంపుతారు. అందులో ఏం రాస్తారో కూడా అతనికి తెలియదు.

రెండో కుర్చీలో కూర్చున్నది కన్సల్టెంట్ ఒక్కతే. నెలకోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా కొత్త జుట్టు, కొత్త నల్ల కళ్ళద్దాలు. ఆ హై హీల్స్ చప్పుడుకు వరండా అంతా తలుపులు తెరుచుకునేవి. డాక్టరు ఆర్డరు ప్రకారం ప్రొఫెసరమ్మ ఫారం కాపీ ఒకటి తనే టైపు చేసి ఆవిడ చేతికిచ్చాడు. అది మన శాఖకు చేరుతుందని అనుకున్నాడు. అనుకోవడానికేం, ఎన్నైనా అనుకోవచ్చు.

ఇక మార్చి పదకొండు సంగతి చెప్పాలి. ఆ రోజు యూనివర్సిటీలో ఓపెన్ డే. బయటి జనం ఎవరైనా వచ్చి ల్యాబులు చూడొచ్చు. అది అతని పుట్టినరోజు కూడా. నిజమైన పుట్టినరోజు, సర్వీసు పుస్తకంలోది కాదు. పొద్దున్నుంచి ఎవరూ పలకరించలేదు, పలకరించడానికి ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అలా తిరుగుతూ కెమిస్ట్రీ వరండా చివరికి వెళ్ళాడు. అక్కడ ప్రొఫెసరమ్మ తన పౌడర్ వివరాలన్నీ ఒక పెద్ద అట్ట మీద రాసి, గోడకు పెట్టి, స్టూలు మీద ఒంటరిగా కూర్చుని ఉంది. జనమంతా పక్క హాల్లో రోబో దగ్గరున్నారు.

అతను చటుక్కున ఆగాడు. ఈ ఆఫీసు ప్రొఫెసర్లకు నేర్పాల్సిన మొదటి పాఠమే అది: పేటెంట్‌కు దరఖాస్తు పెట్టకముందు ఎవరికీ చూపించకూడదు. నలుగురూ చూసేలా బయట పెట్టారంటే దాని మీద హక్కు ఇంక ఎవరికీ రాదు. కనిపెట్టినవాళ్ళకూ రాదు. ఆ అట్ట తీసేయమని చెప్పడం అతని డ్యూటీ. చెప్పబోయాడు కూడా.

ఆవిడ తలెత్తి, "రా బాబూ, కూర్చో, చెబుతా," అంది.

నలభై నిమిషాలు చెప్పింది. ఏ ఏడాది ఎందుకు ఫెయిలయిందో, ఏ రోజు ఏ సీసా పగిలిందో అన్నీ చెప్పింది. మధ్యలో ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. అతను నోరు మెదపలేదు. ఆ ఒక్క ముక్కా చెబితే ఆవిడ అట్ట తీసేస్తుంది, మాటలు ఆగిపోతాయి. పంతొమ్మిదేళ్ళయింది తనతో ఎవరైనా అంతసేపు మాట్లాడి. చివర్లో ఆవిడ సందర్శకుల పుస్తకం ముందుకు తోసింది. తేదీ, పేరు, ఊరు, ఏం చూశారు. ఆ పేజీలో ఒక్క పేరూ లేదు. ఏమైందో ఏమో, పెన్ను పట్టుకుని తన అసలు పేరు రాసేశాడు. పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. భయం భయంగా, కాగితానికి తగిలీ తగలకుండా రాశాడు.

జూన్‌లో పిడుగు పడింది. కోల్డ్ క్లబ్ లాయరు దగ్గర్నుంచి యూనివర్సిటీకి నోటీసు వచ్చింది. ఈ పౌడర్‌కు తాము ఏప్రిల్ రెండునే పేటెంట్ దరఖాస్తు పెట్టామనీ, యూనివర్సిటీ అన్ని హక్కులూ వదులుకుని ల్యాబ్ నోట్‌బుక్కులు అప్పగించకపోతే కేసు వేస్తామనీ. దరఖాస్తు నకలు కూడా జతపరిచారు. కోరపన్ను దాన్ని చదువుతూ నాలుగో పేజీలో ఆగాడు. ముప్పై ఆరు డిగ్రీలు అని ఉండాల్సిన చోట అరవై మూడు అని ఉంది. అది ప్రొఫెసరమ్మ తప్పు కాదు. తను టైపు చేసిన తప్పు, కన్సల్టెంట్‌కు ఇచ్చిన కాపీలో మాత్రమే ఉన్న తప్పు.

జ్ఞానదంతం మన మనిషి కాదన్నమాట. ఆ పన్ను ఎవరిని మాత్రం సుఖపెట్టింది కనక.

వీసీ భయస్తుడు. శుక్రవారం నాలుగు గంటలకు సంతకం పెట్టేస్తానని కబురు పెట్టాడు. శుక్రవారం మూడింటికి కోరపన్ను డాక్టరుకు ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఓపెన్ డే ఏప్రిల్ కంటే ముందు జరిగింది కాబట్టి వాళ్ళ పేటెంట్ నిలబడదు, రుజువు ఆ సందర్శకుల పుస్తకమే, కానీ అందులో ఉన్నది తన అసలు పేరు. ఫోన్లో దూది లేదు కాబట్టి మొదటిసారి పూర్తిగా మాట్లాడగలిగాడు.

"ఆ పేజీ చించెయ్," అన్నాడు డాక్టరు. "పౌడర్ సంగతి కోర్టులో చూసుకుంటారు. పేరు బయటికొస్తే నేను నిన్ను ఎరగను."

కోర్టు సంగతి అందరికీ తెలిసిందే. తేలేసరికి ప్రొఫెసరమ్మ ఉండదు.

రికార్డు రూములోకి అడుగు పెట్టేసరికి సెంటు వాసన ముందే వచ్చింది. కన్సల్టెంట్ కిటికీ పక్కన పుస్తకం తెరిచి నిలబడి ఉంది. అతను ఫోన్లో చెప్పిందంతా ఏ మైకులోనో విన్నట్టుంది. కోరపన్ను జేబులోంచి స్టాప్లర్ తీసి గురి చూసి నొక్కాడు. కిర్రుమని పిన్ను మధ్యలో ఇరుక్కుంది. ఎంత గూఢచారి శాఖదైనా స్టాప్లర్ స్టాప్లరే.

ఆవిడ నవ్వలేదు. నల్ల కళ్ళద్దాలు తీసి, పేజీలోకి చూసి, అతని పేరు చదివింది. మెల్లగా, రెండుసార్లు.

ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్ళయిందో. అక్క పెరట్లోంచి కేకేసినట్టు అనిపించింది అతనికి. శత్రువు పిలిచినా సరే, ఇంకోసారి పిలిస్తే బావుండునని కూడా అనిపించింది. సిగ్గు లేకుండా అనిపించింది, ఏం చేస్తాం.

"ఇది పోతే నీకూ మంచిదే," అంది ఆవిడ. "నీ ఉద్యోగం నీకుంటుంది. మీ డాక్టరు కూడా ఇదే చెప్పుంటాడు."

అతను స్టాప్లర్‌ను జేబులో పెట్టేసుకున్నాడు.

"నా పేరు నేను ఎక్కడా రాసుకోలేదు. నువ్వు నయం," అని, పేజీ చించి, నాలుగు మడతలు పెట్టి నోట్లో వేసుకుంది. కాగితం నమలడం శాఖలోనూ, ముఠాలోనూ నేర్పుతారు. సగంలో గొంతు పట్టేస్తే మంచినీళ్ళు అడిగింది. అతను తన సీసా ఇచ్చాడు. తాగి, థాంక్స్ చెప్పి, హీల్స్ చప్పుడు చేసుకుంటూ మీటింగుకు వెళ్ళిపోయింది.

గోడ గడియారం మూడు నలభై. అంతా అయిపోయింది. పేజీ లేదు, పేరు లేదు. అతను మళ్ళీ ఎవరూ కాదు. ఇక తన గదికి పోయి, ఒక గ్లాసు కడుక్కుని, డాక్టరు పిలుపు కోసం కూర్చోవచ్చు. ఇంకో ఊరు, ఇంకో వేషం. తను చెప్తే తప్ప ఎవరికీ ఏమీ తెలియదు.

ఆవిడకు మైక్రోఫిల్ములు తెలుసు, లేజర్ మైకులు తెలుసు. రిజిస్ట్రార్ తెలియదు.

కోరపన్ను కిటికీ దగ్గర ఒక నిమిషం నిలబడ్డాడు. కింద ప్రొఫెసరమ్మ వెళ్తోంది. ఇరవై ఆరు ల్యాబ్ నోట్‌బుక్కుల్ని ఒక తోపుడు బండిలో పెట్టి, తనే నెట్టుకుంటూ మీటింగు హాలు వైపు వెళ్తోంది. గుమ్మం దగ్గర చక్రం పట్టేస్తే ఒంగి సరిచేసుకుంది. సాయానికి ఎవరూ లేరు.

అతను మెట్లెక్కి పరుగెత్తాడు.

రిజిస్ట్రార్ టీ తాగుతున్నాడు. కోరపన్ను మార్చి రెండో వారం ఓపెన్ డే పుస్తకం రెండో కాపీ కావాలన్నాడు. దరఖాస్తు లేకుండా బీరువా తెరవనన్నాడాయన. ఇంకెవరైనా అయితే అక్కడే కూలబడేవాళ్ళు. ఫారాలాయన సంచిలోంచి ఖాళీ ఫారం తీసి, కార్బన్ పెట్టి, నిలబడే నింపాడు. రిజిస్ట్రార్ దాన్ని పైనుంచి కిందికి చదివి, స్టాంపు వేసి, ఆరేదాకా ఊది, తాళంచెవి వెతుక్కున్నాడు. మూడు యాభై ఐదు. బీరువాలో జనవరి, ఫిబ్రవరి, మార్చి. గులాబీ రంగు కాగితం బయటికొచ్చింది. మూడు యాభై ఎనిమిది.

హాలు తలుపు తోసేసరికి వీసీ పెన్ను కాగితం మీద పెట్టాడు. మొదటి గీత పడింది కూడా. కోరపన్ను వెళ్ళి ఆ గీత మీదే గులాబీ కాగితం పెట్టాడు.

పౌడర్ ఫార్ములా మార్చి పదకొండునే బయట పెట్టేశారని అందరికీ వినపడేలా చెప్పాడు. ఎవరైనా వచ్చి చూడగలిగిన చోట గోడకు పెట్టారనీ, బయటివాడు ఒకడు చూసి సంతకం చేశాడనీ, ఏప్రిల్ రెండు నాటి దరఖాస్తు చెల్లదనీ చెప్పాడు. కన్సల్టెంట్ గొంతు తడుముకుంది. లాయరు మాత్రం కంగారు పడలేదు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. తేదీ పడింది, ఏం చూశారన్నదీ పడింది, పేరు మాత్రం సగమే పడింది.

"ఎవరిది ఈ సంతకం?" అన్నాడు.

కోరపన్ను ప్రొఫెసరమ్మ వైపు చూశాడు. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని అతన్నే చూస్తోంది.

"నాదండీ," అన్నాడు. తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. పుట్టిన ఊరు, తేదీ చెప్పాడు.

లాయరు నవ్వాడు. మీరు యూనివర్సిటీ ఉద్యోగి, లోపలివాళ్ళు చూస్తే బయట పెట్టినట్టు కాదన్నాడు. రూలు ప్రకారం నిజమే.

"మీరు చెప్పే ఉద్యోగి లేడండీ," అన్నాడు కోరపన్ను. "ఆ పేరు దొంగ పేరు, ఆ సర్టిఫికెట్లు దొంగవి. రిజిస్ట్రార్ గారు కావాలంటే విచారించుకోవచ్చు. ఆ రోజు వచ్చిన మనిషి బయటివాడే. ఎక్కడికెళ్ళినా బయటివాడే."

లాయరు పెన్నుకు మూత పెట్టాడు. చెల్లని పేటెంట్ కోసం వాదించేంత తెలివితక్కువవాడు కాదు. అందరూ అతనివైపు చూస్తున్నంతలో కన్సల్టెంట్ కుర్చీ ఖాళీ అయింది. హీల్స్ చప్పుడు వినపడలేదు, చేత్తో పట్టుకుని వెళ్ళినట్టుంది.

అయిదింటికి డాక్టరు నంబరుకు చేశాడు. అది పళ్ళ క్లినిక్ అనీ, మీరెవరో మాకు తెలియదనీ, సిమెంటు ఊడితే మాత్రం రావచ్చనీ ఎవరో అమ్మాయి చెప్పింది.

ప్రొఫెసరమ్మ మెట్ల కింద గదికి వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది. పేటెంట్ వాళ్ళకు పోయింది, ఆవిడకూ పోయింది. ఇరవై రెండేళ్ళ పని ఇప్పుడు ఎవరిదీ కాదు, ఎవరైనా చేసుకోవచ్చు. ఆవిడ కోపంగా ఉందో అలిసిపోయిందో తెలియడం లేదు.

"ఆ రోజే చెప్పుంటే అట్ట తీసేసేదాన్ని కదా. ఎందుకు చెప్పలేదు?"

అబద్ధం ఆడటం అతని వృత్తి. కానీ ఆ వృత్తి గంట క్రితం పోయింది.

"చెబితే మీరు మాట్లాడటం ఆపేస్తారని," అన్నాడు.

ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పింది. ఒక మూతలో ఇద్దరూ ఎలా తాగుతారని, గ్లాసు లేదా అని అడిగింది. గదిలో ఒకటి ఉందనీ, రేపు తెస్తాననీ అన్నాడు.

అక్కకు కూడా ఫోన్ చేశాడు. ఎవరని అడిగితే పేరు చెప్పాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. ఇన్నాళ్ళూ వచ్చిన ఉత్తరాలు అతను రాసినవి కావని మొదటి ఉత్తరంలోనే పోల్చుకున్నానంది. "క్షేమం అని రాసుంది. నీకా మాట రాయడం ఎప్పుడొచ్చింది గనక," అంది.

ఆగస్టు కల్లా నాలుగు ఫ్యాక్టరీలు ఎవర్నీ అడక్కుండా ఆ పౌడర్ చెయ్యడం మొదలెట్టాయి. ఆ ఆఫీసు పుట్టిన నాటి నుంచి ఫ్యాక్టరీ దాకా చేరిన టెక్నాలజీ అదొక్కటే. అదీ ఫారం లేకుండా.

దొంగ సర్టిఫికెట్లతో చేరినందుకు అతన్ని తీసేశారు. వెళ్ళేముందు రిజిస్ట్రార్ బల్ల మీద ఒక ఫారం పెట్టి, వెళ్ళిపోతున్నట్టు రాసివ్వమన్నాడు, రెండు కాపీలు. పేరు దగ్గర అతను ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కార్బన్ సరిగ్గా సర్దుకుని, రెండో కాపీలో కూడా పడేలా గట్టిగా నొక్కి రాశాడు.